గాలి తాగిన బొగ్గు

మాట మధ్యలో మనిషి ఆగిపోతాడని బావకు ఆ రోజు దాకా తెలియదు. ఆగిపోయినవాడు అలాంటిలాంటి మనిషి కూడా కాదు, రేడియో అని పేరుపడ్డవాడు. నోట్లో నువ్వుగింజ నానని రకం. దగ్గు వస్తే దగ్గి, తెగిన వాక్యాన్ని తెగిన చోటే అందుకునేవాడు. అలాంటివాడు నీళ్ళ శుద్ధి కేంద్రంలో మూడో ట్యాంకులోకి నిచ్చెన దిగుతూ, "బావా, నిన్న మా అక్క నీ గురించి ఏమందో తెలుసా..." అన్నాడు. అంతే. ఆ తరవాత మాట లేదు.

ముందు ఈ బావ ఎవరో చెప్పాలి. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. రేడియో ఆయన భార్యకు తమ్ముడు. ఇద్దరిదీ ఒకే పని, ఒకే షిఫ్టు. వాడు పొద్దస్తమానం "బావా, బావా" అని అరుస్తుంటే విని విని, గేటు కాపలాదారు నుంచి పెద్ద ఇంజనీరు దాకా అందరికీ ఆయన బావే అయిపోయాడు. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా "బావా, ఆ వాల్వు కాస్త చూడు" అనేవారు. పని చేసే చోట ఇంతమంది బావమరుదులున్న మనిషిని నేనింకొకణ్ణి చూడలేదు.

బావ బతుకంతా బొగ్గే. పుట్టింది బొగ్గుల కొట్టు వెనక గదిలో. ముందు గదిలో తల్లి బొగ్గులు తూచి అమ్మేది. పాకే వయసులో ఆయన నోట్లో ఏ వేలు పెట్టుకున్నా దానితోపాటు బొగ్గుపొడి కూడా లోపలికి పోయేది. "పోనీలే, కడుపుకు మంచిదే" అనేది తల్లి. గోడ మీద మొదటి అక్షరం రాసిందీ బొగ్గుముక్కతోనే, ఆ గోడ పాడుచేసినందుకు తొలిసారి తన్నులు తిన్నదీ ఆ తల్లి చేతిలోనే. మీసాలొచ్చే వయసుకు అచ్చు సిరా తయారుచేసే చోట పనికి కుదిరాడు. నూనె మంట మీద పట్టిన మసిని గోకి, జల్లెడ పట్టడం ఆ పని. ఆ మసి ఎంత మెత్తనంటే చేతికి తగిలినట్టే ఉండదు, ఎన్నిసార్లు కడిగినా వదలదు. కాబోయే భార్య మొదటిసారి ఆయన్ను చూసినప్పుడు ముందు ఆమె కంటపడింది చెవుల వెనక మసి. కడిగితే ఈ మనిషి ఏ రంగు తేలతాడోనని ఆమె చాలాసేపు ఆలోచించిందట.

పెళ్ళయ్యాక పెన్సిళ్ళ కర్మాగారంలో చేరాడు. గ్రాఫైటు పొడినీ బంకమట్టినీ కలిపి పిసికి, సన్నటి పుల్లలు తీసి కాల్చేవాళ్ళు. ఆ రోజుల్లో ఆయన వేళ్ళు వెండిపూత పూసినట్టు మెరిసేవి. "మసి నుంచి మెరుపుకొచ్చాం. ఇంకొక్క మెట్టెక్కితే వజ్రాల కొట్టే" అని భార్యను ఊరించేవాడు. ఆ కర్మాగారం మూతపడింది. ఆయన ఎక్కింది వజ్రాల కొట్టు మెట్లు కాదు, నీళ్ళ ట్యాంకు నిచ్చెన.

అక్కడ ఉన్నదీ బొగ్గే. ఇళ్ళ కంటే ఎత్తయిన ఇనప ట్యాంకుల్లో సగం దాకా నల్లటి గుళికలు పోసి ఉంటాయి. జనం తాగబోయే నీళ్ళు వాటిలోంచి కిందికి దిగాలి. దిగేటప్పుడు నీళ్ళలోని వాసన, రంగు, ఏ పురుగుమందు శేషమో ఉంటే అది, అన్నీ బొగ్గుకు అంటుకుపోయి నీళ్ళు మాత్రం బయటికి వస్తాయి. కొన్నాళ్ళకు బొగ్గుకు ఓపిక అయిపోతుంది. అప్పుడు నీళ్ళు వదిలేసి, పైమూత తీసి, మనిషి దిగి పాత బొగ్గు తోడి కొత్తది పోయాలి. ఆ తోడే జట్టుకు బావ పెద్ద.

నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ మేడమ్‌కు బావంటే సరదా. ఒకసారి టీ తాగుతూ ఆమె, పెన్సిలూ వజ్రమూ బొగ్గూ అన్నీ ఒకటే పదార్థం, కార్బన్, అని చెప్పింది. బావ నమ్మలేదు. ఆమె చేతులతో చూపించింది. "ఒక్కొక్క పరమాణువూ పక్కనున్న నలుగురిని గట్టిగా పట్టుకుని కూచుంటే వజ్రం. ముగ్గురితో సరిపెట్టుకుని పొరలు పొరలుగా పడుకుంటే పెన్సిలు. అందుకే అది కాగితం మీద జారుతుంది. మీ ట్యాంకులో ఉన్నదైతే వంకరటింకరగా పట్టుకుంది. లోపలంతా చిల్లులే. గుప్పెడు తీసి ఆ చిల్లుల గోడలన్నీ విప్పి పరిస్తే ఒక పొలమంత అవుతుంది."

ఆ సాయంత్రం బావ ఇంటికెళ్ళి భార్య చెవిదిద్దుల్లో మినుకు మినుకుమనే రవ్వను చూపించి, "అది మా వంశమే తెలుసా?" అన్నాడు.

"అయితే మీరెందుకిలా మిగిలారు?" అంది ఆమె.

"ముగ్గురితో సరిపెట్టుకున్నాను" అన్నాడు బావ. ఇంట్లో ఉన్నది సరిగ్గా ముగ్గురు: భార్య, కూతురు, పూట పూటకీ భోజనానికి దిగే రేడియో.

రేడియోకు తల్లి చిన్నప్పుడే పోయింది. అక్కే పెంచింది. బావమరిది బతకగోరును, దాయాది చావగోరును అంటారు కదా. ఈ ఇద్దరి మధ్యా ఆ సామెత అటూ ఇటూ పనిచేసేది. వాడికి జ్వరమొస్తే బావ తిండి మానేసేవాడు, బావకు కాలు బెణికితే వాడు వాగుడు మానేసేవాడు. అదెంత పెద్ద త్యాగమో వాణ్ణి ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక బావ పనితనం. ట్యాంకు మూత తీయగానే జట్టులో ఎవరూ కదలరు. బావ మోకాళ్ళ మీద కూచుని, ముక్కు లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని వాసన చూస్తాడు. "దిగు" అంటే దిగాలి. బొగ్గుతో పుట్టి పెరిగిన మనిషికి ఒక నమ్మకం ఉంది. బొగ్గులో చావు ఉన్నదంటే అది నిప్పు అంటుకున్నప్పుడే. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పోయినవాళ్ళ సంగతి తల్లి ఆయనకు చిన్నప్పుడే చెప్పింది. "నిప్పులేనిదే పొగరాదు, పొగ లేనిదే చావు రాదు" అని ఆ సామెతకు తన తోక తగిలించి అందరికీ చెప్పేవాడు. తడిసి ముద్దయిన బొగ్గుకు నిప్పెక్కడిది? మురుగు గుంతల్లోకి దిగేవాళ్ళకు గాలి కొలిచే మీటరు ఒకటుంది. అది బీరువాలో ఉండేది. ఇక్కడ మురుగు లేదు కదా, మీటరెందుకు? ఊళ్ళో అన్నింటికంటే శుభ్రమైన గాలి ఈ ట్యాంకులోనే ఉంటుందని బావ గట్టి నమ్మకం. ఎన్నో ఏళ్ళు ఏ ప్రమాదమూ జరగలేదు. ఆ ఏళ్ళన్నిటిలోనూ నీళ్ళు వదిలిన పూటే మూత తీసి దిగేసేవాళ్ళు.

మూడో ట్యాంకు విషయంలో మాత్రం పంపు చెడి పని వాయిదా పడింది. నీళ్ళు వదిలేసిన ట్యాంకు, మూత బిగించింది బిగించినట్టే వారం పైన ఉండిపోయింది. ఆ రోజు మూత తీశారు. బావ ముక్కు పెట్టి చూశాడు. ఏ వాసనా లేదు. తుప్పు వాసన కూడా లేదు. "కడిగిన గ్లాసులా ఉందిరా, దిగు" అన్నాడు.

రేడియో దిగాడు. మాట ఆగింది.

బావ కిందికి చూశాడు. రేడియో బొగ్గు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. చేతులు చాచి, నోరు కొంచెం తెరిచి. ఇలాంటి నాటకాలు వాడికి కొత్తకాదు. ఒకసారి పైపులో దూరి గంటసేపు పలక్కుండా అందరినీ ఏడిపించాడు. అందుకని బావ ఏం చేశాడో తెలుసా? నవ్వాడు. పకపకా నవ్వాడు. "లేవరా వెధవా, జీతం పడుకున్నందుకివ్వరు" అన్నాడు. కాస్త ఆగి, చేతికందిన బొగ్గుగుళిక ఒకటి వాడి మీదికి విసిరాడు. అది వాడి కంటిరెప్ప మీద పడింది. రెప్ప కదల్లేదు.

అప్పుడు బావ పైప్రాణాలు పైనే పోయాయి.

నిచ్చెన పట్టుకుని నడుం దాకా లోపలికి దిగాడు. గొంతు మండలేదు, ఊపిరాడకపోవడం లేదు, పీల్చిన గాలి చక్కగా లోపలికి వెళుతోంది, బయటికి వస్తోంది. కాళ్ళు మాత్రం తనవి కాకుండా పోయాయి. చక్కటి నిద్ర వస్తున్నట్టుంది. ఇక్కడే కాసేపు కూచుంటే బాగుండు అనిపించింది. తమ్ముడిలాంటివాడు కింద పడి ఉంటే ఆయనకు కూచోవాలనిపించింది, అదేం గాలో మీరే చెప్పండి.

వెనక నుంచి ఎవరో బెల్టు పట్టుకుని ఒక్క లాగు లాగారు. కంప్రెసరు నడిపే మనిషి. ఏళ్ళ తరబడి తలూపడం తప్ప నోరు విప్పని ఆయన్ను అందరూ మౌనిగారు అంటారు. ఆ మౌనిగారు అరిచాడు.

"నువ్వు దిగితే ఇద్దరి శవాలు తీయాలి! ఆగు!"

బావ పెనుగులాడాడు. చెట్టంత మనిషి చిన్నపిల్లాడిలా కాళ్ళు కొట్టుకున్నాడు. మౌనిగారు ఆయన మీద కూచుని, ఒక చేత్తో కంప్రెసరు గొట్టం ట్యాంకు నోట్లోంచి లోపలికి వదిలాడు. గాలి బుసకొడుతూ రేడియో ముఖం మీదికి పోయింది. క్లోరిన్ గదిలో పనిచేసే మనిషి వీపున సిలిండరూ ముఖానికి మాస్కూ తగిలించుకుని పరుగెత్తుకొచ్చి దిగాడు. తాడు కట్టి, రేడియోను పైకి లాగి, సిమెంటు గచ్చు మీద పడుకోబెట్టారు. పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. ఆ మాస్కు మనిషే వాడి నోట్లోకి ఊదాడు, ఛాతీ నొక్కాడు, మళ్ళీ ఊదాడు. బావ పక్కన కూచుని వాడి ఒక చెప్పును రెండు చేతుల్లో పట్టుకున్నాడు. అది ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆయనకే తెలియదు.

రేడియో ఛాతీ ఒక్కసారి ఎగసింది. కాసేపటికి కళ్ళు తెరిచాడు. అందరినీ చూశాడు. బావను చూశాడు.

"ఏంటి బావా, నేనింకా దిగనే లేదు, అప్పుడే ఏడుస్తున్నావు?"

చచ్చి బతికినవాడికి చచ్చిన సంగతే తెలియదు.

ఆసుపత్రి బండిలో వాణ్ణి పంపించాక ల్యాబ్ మేడమ్ వచ్చింది. మూత వైపు చూసింది. "మీటరు పెట్టలేదా?" అంది.

"అది మురుగు గుంతలకి కదమ్మా."

"తడి బొగ్గు మూతపెట్టిన చోట ఉంటే గాలిలోని ఆక్సిజన్‌ని పట్టేసుకుంటుంది బావగారూ. మిగిలింది గాలిలాగే ఉంటుంది. వాసన ఉండదు, రంగుండదు. ప్రాణం మాత్రం ఉండదు."

"బొగ్గు గాలి తాగుతుందా?"

ఆమె పైపు మీద కూలబడింది. "మీకు తెలుసనుకున్నాను. ఇన్నేళ్ళు చేస్తున్నారు కదా అని నేనెప్పుడూ చెప్పలేదు" అంది.

బావ ట్యాంకులోని బొగ్గు వైపు చూశాడు. తల్లి తూచి అమ్మినది, తను నోట్లో పెట్టుకుని పెరిగినది, అక్షరం రాసినది, ఇన్నేళ్ళు కూడు పెట్టినది, అదా? చెడునంతా పట్టేసుకుంటుందని మెచ్చుకున్నాడే కానీ, ఏది చెడో ఏది మంచో దానికేం తెలుసని ఏనాడూ అనుకోలేదు. వాసనలన్నీ మింగే సరుకు దగ్గర ముక్కు పెట్టి ఇన్నేళ్ళు వాసన చూశాడు. లోకంలో ఇంతకంటే తెలివితక్కువ పని ఉంటుందా? ఉండదు. నేను వెతికాను.

ఒక రోజు ఉంచుకుని ఆసుపత్రివాళ్ళు రేడియోను పంపేశారు. అక్కకు చెప్పొద్దని వాడు బావ గడ్డం పట్టుకున్నాడు. డబుల్ డ్యూటీ అని అబద్ధమాడారు. బావ కూడా నోరు విప్పలేదు. వాడితో కూడా, "కళ్ళు తిరిగి పడ్డావు, అంతే" అన్నాడు. అంతకు మించి చెప్పాలంటే నవ్విన సంగతి చెప్పాలి. అక్క నా గురించి ఏమందిరా అని అడిగి చూశాడు. ఆ మాట మొదలుపెట్టినట్టే వాడికి గుర్తులేదు.

కేంద్రంలో పద్ధతులు మారాయి. మీటరు బీరువా దిగింది, ఏ ట్యాంకులోకైనా అదే ముందు దిగాలన్నారు. నడుముకు తాడు, పక్కన గాలి గొట్టం తప్పనిసరి అన్నారు. అందరూ భయపడ్డారు, ఒక్కడు తప్ప. చూసినవాళ్ళకు భయం ఉంటుంది, పడ్డవాడికేముంది? నిద్రపోయి లేచాడు. "పిట్టంత దానికి ఏనుగంత గోల. టిఫిన్ తినక కళ్ళు తిరిగితే ఊరంతా ఏడ్చారు" అని బావ ఏడుపును అచ్చం అనుకరించి చూపించేవాడు. జనం నవ్వేవారు. బావ లేచి వెళ్ళిపోయేవాడు.

అలా ఉండగా ఐదో ట్యాంకు మూత తీశారు. మీటరు తేవడానికి మౌనిగారు వెళ్ళాడు. బావ తాడు ముడులు చూస్తున్నాడు. వెనక నుంచి రేడియో గొంతు వినిపించింది.

"బావా, ఎంత హాయిగా ఉందో చూడు. వాసనే లేదు. మీటరొచ్చేలోపు ఓ తట్ట నింపేస్తా."

బావ తిరిగి చూసేసరికి వాడి ఒక కాలు నిచ్చెన మీద ఉంది.

ఎలా వెళ్ళాడో, ఎలా లాగాడో చూసినవాళ్ళెవరూ సరిగ్గా చెప్పలేరు. కాలరు పట్టుకుని ఈడ్చి గచ్చు మీద నిలబెట్టి, చెంప ఛెళ్ళుమనిపించాడు. ఏళ్ళ తరబడి ఆ ఇద్దరినీ చూస్తున్నవాళ్ళందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. రేడియో చెంప పట్టుకుని నిలబడ్డాడు. వాడి కళ్ళనిండా నీళ్ళు. అలాగే గేటు దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బావ ఇల్లు చేరేసరికి ఫిర్యాది లోపల కూచుని ఉన్నాడు. జడ్జి గుమ్మంలో నిలబడి ఉంది.

"తల్లి లేని పిల్లాడు. నా కడుపున పుట్టినదాన్నైనా కొట్టాను గానీ వాడి మీద నేనేనాడూ చెయ్యెత్తలేదు. నలుగురిలో కొడతారా? ఏం చేశాడని?"

బావ చెప్పులు విప్పలేదు. గుమ్మం మీదే కూలబడ్డాడు.

"చెబుతాను. ఇద్దరూ వినండి."

వారం పైన మూసి ఉన్న మూత దగ్గర మొదలుపెట్టాడు. వాసన చూసి దిగమన్నది తనేనని చెప్పాడు. తెగిపోయిన మాట, చాచిన చేతులు, అన్నీ చెప్పాడు. "నువ్వు పోతుంటే నేను నవ్వానురా. నాటకమనుకుని నవ్వాను. బొగ్గుముక్క తీసి నీ మీద విసిరాను. అది నీ కంటి మీద పడింది. నువ్వు కన్ను మూయలేదు."

భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రేడియో చెంప మీద చెయ్యి కిందికి దిగింది.

"కన్ను తెరిచే ఉందా?" అన్నాడు.

"సగం."

"పెదాలు?"

"నేరేడుపండులా. ఆ మాస్కాయన ఊదాడు, నొక్కాడు. చాలాసేపు నీలో ఏమీ లేదు. నీ చెప్పు పట్టుకుని కూచున్నాను."

రేడియో తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. గుక్కతిప్పుకోకుండా మాట్లాడేవాడు ఒక్కొక్క మాటా వెతుక్కున్నాడు.

"నేను... దిగనే లేదనుకున్నా బావా. నిజంగా. మీరంతా పెద్దది చేస్తున్నారనుకున్నా." తన కాలు వైపు చూసుకుని, "ఇవాళ ఇంకో కాలు పెట్టేవాణ్ణి" అన్నాడు.

అక్క వచ్చి పక్కన కూచుని వాడి మణికట్టు పట్టుకుంది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు, తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. పట్టు మాత్రం వదల్లేదు. వాడి పళ్ళు టకటకా కొట్టుకోవడం గుమ్మంలో ఉన్న బావకు కూడా వినిపించింది.

"బావా."

"ఊఁ."

"మళ్ళీ చెప్పు. నేను నిచ్చెన మీద కాలు పెట్టిన దగ్గర్నుంచి."

బావ మళ్ళీ చెప్పాడు. నవ్విన చోటికి వచ్చేసరికి మాట తెగింది. రేడియో తొందరపెట్టలేదు, మధ్యలో ఒక్క మాట కలపలేదు. బావ మళ్ళీ అందుకునేదాకా ఆయన ముఖంలోకి చూస్తూ కూచున్నాడు.